ఈశాన్యానికి పారిన నీళ్ళు

మా ఎలీసమ్మ వదినకి కోపం రాదు. నా కోపమల్లా అందుకే. ఆమె పడాల్సిన కోపం కూడా నేనే పడుతూ వస్తున్నాను, ముప్ఫై ఏళ్ళ నుంచీ. నా పేరు స్తుతి. గుంటూరులో కాపురం, అక్కడే చిన్న బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెబుతాను. పిల్లల మీద అరిచీ అరిచీ నా గొంతు మైకులాగా తయారైందని మా తోమా అన్నయ్య ఎగతాళి చేస్తాడు. ఆయన భార్యే ఎలీసమ్మ వదిన. వాళ్ళుండేది ప్రత్తిపాడు అవతల, మేం పుట్టిన ఊళ్ళోనే. అన్నయ్య పత్తి మిల్లులో కాపలా పని చేస్తాడు. వదిన మిరపకాయల కూలికి పోతుంది.

మిరపకాయల కూలి అని నోటితో అనేస్తాం గానీ, అదేమిటో చేసినవాళ్ళకే తెలుసు. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి మే నెల దాకా కల్లంలో కూర్చుని ఎండుకాయలకి తొడిమలు తీయాలి, రంగుపోయిన తాలుకాయలు వేరు చేయాలి. పొద్దున ఏడింటికి కూర్చుంటే సాయంత్రం అయిదు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటారు, చేతులకి ఆముదం రాసుకుంటారు. ఏం రాసుకున్నా ఘాటు వేళ్ళలోకి దిగుతుంది. ఇంటికొచ్చాక కళ్ళు తుడుచుకోకూడదు, పిల్లల్ని ఎత్తుకోకూడదు, అన్నం గిన్నె ముట్టుకోకూడదు. ముందు స్నానం చేయాలి. అందులోనూ తిరకాసుంది. మొదటి చెంబు నీళ్ళు పడగానే మంట తగ్గకపోగా రెట్టింపవుతుంది. పళ్ళు బిగబట్టి ఆగకుండా పోసుకుంటూ ఉండాలి. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒళ్ళు చల్లబడుతుంది. పోసుకున్న నీళ్ళు పోసుకున్నట్టే కాళ్ళ కింద నుంచి వెళ్ళిపోవాలి. నిలబడ్డాయంటే ఒంటి మీద నుంచి దిగిన ఘాటంతా మడమల పగుళ్ళలోకి ఎక్కుతుంది.

మా వదిన ముప్ఫై ఏళ్ళు ఈ స్నానం పెరట్లో చేసింది. నాలుగు వెదురు బొంగులు పాతి చుట్టూ యూరియా సంచులు కుట్టిన దడి. పైన కప్పు లేదు, తలుపు బదులు పాత చీర వేలాడేది. ఆ ఇరవై నిమిషాలు ఆమెకి ఏనాడూ పూర్తిగా దక్కలేదు. ఒళ్ళంతా మంటతో లోపల నిలబడి ఉండగానే బయట నుంచి ఒకటే పిలుపులు. "ఒసే, అగ్గిపెట్టె ఏడబెట్టావ్?" అని అన్నయ్య. "అమ్మా, ఆకలి," అని పిల్లలు. పిల్లలిద్దరూ ఇప్పుడు పెద్దవాళ్ళై ఎవరి సంసారాల్లో వాళ్ళున్నారనుకోండి. పక్కింటావిడ కూడా చీర పక్కకి జరిపి "ఎలీసమ్మా, కాస్త ఉప్పుందా?" అనడిగేది. వదిన సగం మంటతోనే ఒంటికి చీర చుట్టుకుని "వస్తన్నా" అంటూ బయటికొచ్చేది. నాకైతే ఒళ్ళు మండిపోయేది. "నోరు లేదా నీకు? స్నానం చేస్తన్నానని చెప్పలేవూ?" అని కేకలేస్తే, "వాళ్ళకేం తెలుసే, మంట నాది గానీ," అని నవ్వేది.

అందుకే ఇల్లు కట్టుకునే యోగం పట్టినప్పుడు, నీకేం కావాలని అన్నయ్య అడిగితే వదిన వంటగది సంగతి ఎత్తలేదు, బీరువా సంగతీ ఎత్తలేదు. "లోపలి నించి గడియ పెట్టుకునే బాత్రూం కావాలయ్యా. పావుగంట సేపు నన్నెవరూ పిలవకూడదు," అంది. మనిషి పుట్టి యాభై రెండేళ్ళకి నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఇల్లు కట్టింది ప్రసన్నకుమార్. ఊళ్ళో అతన్ని కాంట్రాక్టరనాలి, మేస్త్రీ అంటే మొహం మాడ్చుకుంటాడు. మా సంఘం మనిషే, పైగా సంఘపెద్ద. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని మందిరంలో మొదటి వరసలో కూర్చుంటాడు. గోడలు బాగానే కట్టాడు, అబద్ధం చెప్పకూడదు. స్లాబు కారలేదు. బాత్రూం మాత్రం చివర్న, హడావుడిలో, ఒక్కరోజులో పరిచేశాడు. నేల మీద బూడిదరంగు టైల్సు, గోడలకి నీలం పువ్వుల టైల్సు. చూడటానికి మహా ముచ్చటగా ఉంది. ఆ ముచ్చటే మా కొంప ముంచింది.

ఎందుకంటే, గృహప్రతిష్ఠ ప్రార్థన కాకుండా ఆ గదిలో చెంబెడు నీళ్ళు కూడా పోయనివ్వలేదు వదిన. "దేవుడిచ్చిన ఇల్లు. ఆయనకి చూపించకుండా మనం వాడతామా?" అని పట్టుబట్టింది. సిమెంటు మరకలు సైతం తడిగుడ్డతో మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. సెప్టెంబరులో ప్రతిష్ఠ జరిగింది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రతి గదిలోనూ నిలబడి ప్రార్థన చేశారు, బాత్రూంలో కూడా. ప్రార్థన అయ్యాక ఆనవాయితీ ప్రకారం ప్రసన్నకుమార్‌కి ప్యాంటూ చొక్కా పెట్టి, దండ వేశాం. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ మరుసటి ఆదివారం మందిరంలో సాక్ష్యాలు చెప్పే సమయానికి మా వదిన లేచి నిలబడింది! అన్నేళ్ళలో ఏనాడూ నోరు విప్పని మనిషి. కొంగు సర్దుకుని చెప్పింది: "దేవుడు నాకు గడియున్న బాత్రూం ఇచ్చాడు. ప్రసన్నకుమార్ తమ్ముడి చేతుల మీదగా ఇచ్చాడు. ఆ చేతుల్ని దేవుడు దీవించును గాక." అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు, ఆమెన్ అన్నారు. ప్రసన్నకుమార్ తల వంచుకుని వినయంగా కూర్చున్నాడు.

ఇంతా చేసి అప్పటికి ఆ గదిలో ఒక్క స్నానం కూడా కాలేదు. కొత్తింట్లో మొదటి స్నానం ఆ సాయంత్రం నేనుండగానే చేయాలని ఆమె ముచ్చట.

చేసింది. అయిదు నిమిషాలకే గడియ చప్పుడైంది. తలుపు సందులోంచి తల బయటపెట్టి, "స్తుతీ, నీళ్ళు పోవట్లేదే," అంది. చూద్దును కదా, నీళ్ళు పోయే తూము పడమటి మూల పొడిగా నోరు తెరుచుకుని కూర్చుంది. నీళ్ళన్నీ ఎదురుమూలకి చేరి, చీలమండల దాకా లేచి, గుమ్మం ఎక్కి, లోపలి గదిలోకి పారుతున్నాయి. మంచం కింద బియ్యం బస్తా అప్పటికే సగం తడిసింది. నేను చీపురుతో తోస్తున్నాను, వదిన గుడ్డతో పిండుతోంది, అన్నయ్య బస్తా లాగుతున్నాడు. కొత్తింటి సంబరమంతా అలా గడిచింది.

మర్నాడు ఫోన్ చేస్తే ప్రసన్నకుమార్ ఎంత తీయగా మాట్లాడాడో! "కొత్త టైల్సు కదక్కా, వాడగా వాడగా అదే సర్దుకుంటది," అన్నాడు. టైల్సేమన్నా చెప్పులా, వాడగా వాడగా సర్దుకోవడానికి? వారమయ్యాక, "తుళ్లూరులో పని మీదున్నా, రాగానే వస్తా," అన్నాడు. రాజధాని పనులు మొదలైనప్పటి నుంచీ మా చుట్టుపక్కల మేస్త్రీలందరికీ ఆ ఊరి పేరు భలే అక్కరకొస్తోంది. నిజంగా అక్కడుంది సగం మందేమో, మిగతా సగం ఫోన్లో ఉంటారు. ఒకసారి వచ్చాడు, వచ్చి తూములో పుల్ల పెట్టి తిప్పాడు, వెళ్ళాడు. ఇంకోసారి వచ్చి గుమ్మం మీద అంగుళం ఎత్తు సిమెంటు కట్ట పోసి వెళ్ళాడు. నీళ్ళు గదిలోకి రావడం కాస్త ఆగింది గానీ బాత్రూంలో లోతు ఇంకా పెరిగింది. మూడోసారి రబ్బరు పట్టీ ఉన్న నీళ్ళు తోసే కర్ర ఒకటి కొనుక్కొచ్చి, "ఇది నా తరఫున బహుమతి అక్కా," అని వదిన చేతిలో పెట్టాడు. ఆవిడ పుచ్చుకుని "దేవుడు దీవించును గాక తమ్ముడూ," అంది. నేనక్కడ ఉండి ఉంటే ఆ కర్ర ఏ పనికి వాడేదాన్నో నాకే తెలియదు.

జనవరి దాకా ఎలాగో నెట్టుకొచ్చారు. కల్లాలు మొదలయ్యేసరికి కథ ముదిరింది. వదిన ఒంటి మీద నుంచి దిగిన మిరప నీళ్ళు మడుగు కట్టేవి. కింద కాళ్ళు కాలుతుంటే పైన ఒళ్ళు చల్లబడేదెక్కడ? పోసుకోవడం ఆపి కర్ర పుచ్చుకుని నీళ్ళు తోయడం, మళ్ళీ నాలుగు చెంబులు పోసుకోవడం, మళ్ళీ తోయడం. పొద్దస్తమానం చేసిన కూలి చాలదన్నట్టు లోపల ఇంకో కూలి. తర్వాత వెళ్ళిన అన్నయ్యకి షుగరుంది, పాదాలు బీటలు వారి ఉంటాయి. ఆ తడిలో కాలు పెట్టగానే గావుకేక పెట్టాడు. "ఇదేం బాత్రూమే, కాగే నూనె బాండీలాగుంది! నువ్వు బయటే చేసుకో తల్లీ!" అన్నాడు. అంతే. వదిన పెరట్లో పాత వెదురు బొంగులు మళ్ళీ పాతుకుంది, యూరియా సంచులు మళ్ళీ కట్టుకుంది. నీలం పువ్వుల గదిలో చీపురు, బకెట్లు, ఆ బహుమతి కర్ర పెట్టుకున్నారు.

ఆ దడి చూసిన రోజున నాకు ఏడుపొచ్చింది. నిజంగా ఏడ్చాను, నడిరోడ్డు మీద.

నేరుగా ప్రసన్నకుమార్ ఇంటికి వెళ్ళి కడిగేశాను. అతను నెమ్మదిగా అంతా విని, "స్తుతి టీచరుగారూ, ఎలీసమ్మక్క సంఘం ముందర నిలబడి నా పని గురించి సాక్ష్యం చెప్పింది. మీరూ విన్నారు. అప్పుడు బాగున్న పని ఇప్పుడెట్టా చెడిపోద్దండీ? వాడకంలో ఏదో తేడా వచ్చుంటది," అన్నాడు. అయ్యగారి దగ్గరికి వెళ్తే, "ఇంత చిన్నదానికి సంఘంలో మనస్పర్ధలెందుకమ్మా, ఇద్దరి కోసం ప్రార్థన చేద్దాం," అన్నారు. చేయండయ్యగారూ, కాదన్నదెవరు? కానీ నీళ్ళు పోవాలంటే కింద వాటం, అదే నేల వాలు, కూడా ఉండాలి కదా. పైకి అనలేదు, లోపలే అనుకున్నాను. వదినేమో, "నేనే గదే చెప్పింది. స్నానం చేయకుండా సాక్ష్యం చెప్పడం నాదే తప్పు," అని తన నెత్తినే వేసుకుంది. చూడండి మరి, ఈ మనిషితో ఎలా వేగాలి?

ఫిబ్రవరిలో ఇంకో మేస్త్రీని పట్టుకొచ్చాను. పేరు యలమంద, దాచేపల్లి వైపు మనిషి, మా స్కూల్లో వంటగది నేల పరిచింది ఆయనే. పెద్దాయన, మాట తక్కువ. లోపలికి వెళ్ళి జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి టైల్సు మీద టకటకా కొట్టుకుంటూ పోయాడు. "నాలుగైదు చోట్ల డొల్ల మోగతన్నయ్యి. అది పెద్ద సంగతి కాదు," అన్నాడు. తర్వాత తూము దగ్గర నిలబడి చెంబెడు నీళ్ళు ఒలకబోసి అవి ఎటు పోతున్నాయో చూశాడు. గుమ్మం వంక చూశాడు, సూర్యుడి వంక చూశాడు. చూసి నవ్వాడు.

"అమ్మా, మీరు క్రైస్తవులా?"

"అవును. ఏం?" అన్నాను, గొడవకి సిద్ధమై.

"వాస్తు పట్టించుకోరు గదా. తూము ఎక్కడ పెట్టమన్నారు?"

అన్నయ్య గుర్తు తెచ్చుకుని చెప్పాడు. "మాకు వాస్తూ గీస్తూ లేవయ్యా, వీధి కాలవకి ఏది దగ్గరైతే అక్కడ పెట్టమన్నా. పడమటి పక్క దగ్గరని అక్కడ పెట్టాడు."

"అదీ సంగతి. తూము మీ లెక్కన పడమట పెట్టాడు. నేల మాత్రం అలవాటు లెక్కన వేశాడు. ఈ చుట్టుపక్కల హిందువుల ఇళ్ళల్లో నీళ్ళ వాటం ఈశాన్యానికే ఉండాలంటారు. అట్టా వేసీ వేసీ చెయ్యి అటే పోద్ది. మీ ఇంట్లో ఈశాన్యం మూల ఏముందో చూడండి, గుమ్మం. నీళ్ళన్నీ గుమ్మంలోకే వత్తయ్యి."

వాస్తు వద్దనుకున్న ఇంట్లో నీళ్ళు మాత్రం వాస్తు తప్పడం లేదు! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "సరే, నువ్వే పగలగొట్టి వెయ్యి బాబాయ్," అన్నాను. ఆయన చేతులు దులుపుకున్నాడు. "ఒక మేస్త్రీ వేసిన నేల మీద, వాడు కాదనకుండా, ఇంకొకడు సుత్తి పెట్టడమ్మా. రేపు నా పని మీదా ఎవడో ఒకడు పెడతాడు. ఆయన్తోనే ఒప్పించుకోండి," అని టీ తాగి వెళ్ళిపోయాడు. ఎంత బతిమాలినా వినలేదు.

ఆ సంగతి ఫోన్లో చెప్పేసరికి మాత్రం ప్రసన్నకుమార్‌కి రోషం పొడుచుకొచ్చింది. ఆరు నెలలు బతిమాలితే రాని మనిషి! "నా చెయ్యి తప్పు పట్టడానికి ఎవడండీ వాడు? పాతికేళ్ళ నుంచీ చేస్తన్నా. వాటం తూముకే ఉంది. నేనే వచ్చి చూపిస్తా," అన్నాడు. మార్చి మొదటి ఆదివారం సాయంత్రమని చెప్పాడు, నేనూ వెళ్ళాను.

కల్లాలు జోరుగా ఉన్న రోజులవి. ఆదివారమైనా మందిరం అయ్యాక వదిన కూలికి వెళ్ళింది. తేజ రకం కాయలు, అన్నిటికన్నా ఘాటు. ఆమె ఇంటికొచ్చేసరికి పక్కసందులో లారీకి మిర్చి బస్తాలు ఎత్తుతున్నారు. లారీ మీద నలుగురు మగాళ్ళు నిలబడి ఉన్నారు, అక్కణ్ణుంచి మా పెరడు అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. పైకప్పు లేని దడిలో ఎలా చేస్తుంది? కాసేపు గోడకి ఆనుకుని నిలబడింది, చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని. లారీ కదిలేటట్టు లేదు. ఇక గత్యంతరం లేక లోపలి బాత్రూంలో చేసింది. ఎప్పట్లాగే నీళ్ళు నిలబడ్డాయి. కాళ్ళు తట్టుకోలేక తొందరగా బయటికొచ్చేసింది. తోసే ఓపిక కూడా లేక గుమ్మం పక్కన చతికిలబడింది. సరిగ్గా అప్పుడే తెల్లచొక్కాతో ప్రసన్నకుమార్ దిగాడు.

"వందనాలక్కా. ఏదీ, ఎక్కడ పోవట్లేదు?" అంటూ చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

"ఆగు తమ్ముడూ, ఇప్పుడే స్నానం చేశా. అయ్యి మిరప నీళ్ళు. తోసేస్తా ఉండు," అని వదిన లేవబోయింది.

"నీళ్ళుండాలక్కా! నీళ్ళుంటేనే గదా వాటం తెలిసేది," అంటూ ప్యాంటు మడిచి మడుగులో గొంతుక్కూర్చున్నాడు. రెండు చేతులతో నీళ్ళని తూము వైపు నెట్టాడు. అవి వెళ్ళినట్టే వెళ్ళి తిరిగి వచ్చాయి. మళ్ళీ నెట్టాడు. "చూశారా టీచరుగారూ, పోతన్నయ్యి." మళ్ళీ వచ్చాయి. మార్చి ఉక్క, పైగా నేను గుమ్మంలో నిలబడి రెప్ప వేయకుండా చూస్తున్నాను. నుదుటి మీద చెమట కళ్ళలోకి దిగింది కాబోలు, తడి చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"అయ్యయ్యో!" అంది వదిన.

ఆ మనిషి అరిచిన అరుపుకి లారీ మీద వాళ్ళు కూడా పని ఆపి చూశారు. కళ్ళు మూసుకుని గోడలు పట్టుకుని తడుముకుంటూ గదిలోకి వచ్చి గుమ్మం ముందు నేల మీద కూలబడ్డాడు. నాకు లోపల సంతోషంగానే ఉంది, దాచడమెందుకు? వదిన మాత్రం పరుగెత్తింది. చేతులకి కొబ్బరినూనె పట్టించుకుని, చల్లటి పాలలో మెత్తటి గుడ్డ ముంచి, పసిపిల్లాడికి తుడిచినట్టు అతని కళ్ళ చుట్టూ అద్దింది. "రుద్దమాక, రుద్దమాక. మంట ముందు పెరిగిద్ది, తర్వాత తగ్గిద్ది. ఓర్చుకో నాయనా. ఓర్చుకోవాల," అంటూనే ఉంది. ఆమెకి తెలియని మంటా అది?

"ఎంతసేపుంటదక్కా ఇది?" అని మూలిగాడతను.

"ఎంతలే, పావుగంట. ఇట్టాగే ఉండు, కదలమాక."

"పావుగంటే!" అన్నాడు. పెద్దమనిషి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. "రోజూ ఇట్టాగే ఉంటదా అక్కా నీకు?"

"కళ్ళల్లో కాదులే. ఒంటి మీద," అంది వదిన.

అతను కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఉన్నట్టుండి కూర్చున్నచోట తడుముకున్నాడు. "ఎవరు పోశారు ఇక్కడ నీళ్ళు?" అన్నాడు.

ఎవరూ పోయలేదు. లోపల అతను నెట్టి వదిలిన నీళ్ళే. అతను స్వహస్తాలతో పోసిన సిమెంటు కట్ట దాటి, మెల్లగా వచ్చి ప్యాంటంతా తడిపాయి.

"ఎవరూ పోయలేదు తమ్ముడూ. అయ్యే వచ్చినయ్యి," అంది వదిన.

నేను ఆరు నెలలుగా పోగుచేసుకున్న తిట్లన్నీ నాలుక చివరికి వచ్చాయి. అతని మొహం చూసి అన్నీ మింగేశాను. అతనలా తడిలోనే కూర్చుని, వేలు గాల్లో తిప్పుకుంటూ దిక్కులు లెక్కపెట్టుకున్నాడు. "తూము పడమట… గుమ్మం ఇటు…" తర్వాత చాలా చిన్న గొంతుతో, "నా చెయ్యి అట్టా పోయిందక్కా. చూసుకోలా. ఆ రోజు నీ ఇంట్లో వేస్తన్నానని కూడా మనసులో లేదు," అన్నాడు. వదిన "సర్లే, కళ్ళు తెరువు, తగ్గిందేమో చూద్దాం," అంది.

నేల తీసేసి మళ్ళీ వేస్తానని వెళ్తూ అన్న మాట కోతలేననుకుని నేను నమ్మలేదు గానీ, వచ్చాడు. నెల రోజులు తాత్సారం చేసి, ఒక సోమవారం సుత్తి పట్టుకుని వచ్చాడు. బూడిదరంగు టైల్సన్నీ పగలగొట్టాడు. ఇంటి నిండా దుమ్ము. అన్నం ముద్దలో సిమెంటు కరకరమనేది. అన్నయ్య మూడు రోజులు దగ్గాడు. వదిన కల్లం నుంచి వచ్చి, దడిలో స్నానం చేసి, ఆ పెంకులన్నీ తట్టకెత్తి బయట పోసేది. అవే రంగు టైల్సు దొరకలేదు. ఎర్రవి దొరికాయి, నీలం పువ్వులకీ వాటికీ అసలు పొంతన లేదు. ఈసారి మాత్రం వరసకొక చెంబు నీళ్ళు పోసి, అవి తూములోకి దిగేదాకా చూసి గానీ రెండో వరస పరవలేదు. మోకాళ్ళు నొప్పులని తిట్టుకుంటూ చేశాడు. మనిషి మారిపోయి దేవదూత అయ్యాడని నేను చెప్పను. పని మాత్రం చేశాడు.

అయ్యగారి భార్య, "ఎలీసమ్మా, బాగుచేశాడుగా, ఆదివారం సాక్ష్యం చెప్పకూడదూ?" అని అడిగిందట. "ఈసారి ముందు స్నానం చేయనియ్యండమ్మా," అందట వదిన. అన్నయ్య ఈ మాట చెప్పి పగలబడి నవ్వాడు.

నేల ఆరడానికి వారం ఆగాలన్నాడు. ఏప్రిల్ మూడో శనివారం ఒంటిపూట బడి అయ్యాక బస్సెక్కి వెళ్ళాను. ఆ రోజు ఎలాగైనా అక్కడుండాలని నా పట్టుదల. ఈ గది కోసం ఊళ్ళో అందరితో తగువేసుకుని తిరిగింది నేను కదా. వదిన నాలుగున్నరకే కల్లం నుంచి వచ్చింది. చేతులు ఎర్రగా కందిపోయి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. నన్ను చూసి నవ్వి, "అన్నం వండతా ఉండు," అంది. "అన్నం తర్వాత, ముందు లోపలికి పో," అని తోశాను. తలుపు మూసుకుంది. లోపల నుంచి గడియ పడిన చప్పుడు విన్నాను. ఆ చప్పుడు వినడానికి ఏడు నెలలు పట్టింది.

నేను తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. నీళ్ళ చప్పుడు మొదలైంది. గుమ్మం వంక చూశాను. చుక్క బయటికి రాలేదు. అన్నయ్య వచ్చి "ఒసే, నా షుగరు మాత్రలు…" అని మొదలెట్టాడు. "నోర్మూసుకో అన్నయ్యా! అరగంట మాత్రలు లేకపోతే ఏం చావవులే!" అని వంటగదిలోకి తరిమాను. పక్కింటావిడ గిన్నె పుచ్చుకుని వచ్చింది. గుమ్మం బయటి నుంచే పంపించేశాను. ఈసారి నా వదినని ఎవరు పిలుస్తారో చూస్తానన్నట్టు కూర్చున్నాను.

చాలాసేపు నీళ్ళు పోసుకుంది. తర్వాత చప్పుడు ఆగింది. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. బయటికి రాలేదు. లోపల చెంబు చప్పుడు లేదు, అలికిడి లేదు. కొత్త టైల్సు, జారుడు. జారి పడిందేమోనని భయపడ్డాను. అదొక్కటే కాదు, నిజం చెప్పాలి, ఆరింటి బస్సు పోతే మళ్ళీ ఏడున్నర దాకా లేదు. నాకు ఆకలిగా కూడా ఉంది. లేచి తలుపు మీద దబదబా బాదాను.

"వదినా! ఏమైంది? పడ్డావా ఏంటి?"

"లేదే," అంది లోపల నుంచి. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"నీళ్ళు పోవట్లేదా?"

"ఎప్పుడో పోయినయ్యి."

"మరింతసేపు ఏం చేస్తున్నావ్?"

"ఏం చేయట్లా. మంట తగ్గిందే. ఊరికే కూచున్నా."

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా నేను. మూసుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా అలవాటైన నోరు.

"సరే గానీ, తొందరగా రా వదినా, నాకు బస్సు టైమవుతోంది," అన్నాను.

లోపల బకెట్టు పక్కకి జరిపిన చప్పుడైంది. తర్వాత, "వస్తన్నా," అంది.

గడియ తీసిన చప్పుడైంది. వదిన బయటికొచ్చింది. జుట్టు కూడా తుడుచుకోలేదు, నీళ్ళు వీపు మీద కారుతున్నాయి. ఆమె మొహంలో కోపం లేదు, ఎప్పుడూ ఉండదు. నేనే ఆమె వంక చూడలేకపోయాను. ఆరు నెలలు ప్రసన్నకుమార్‌ని తిట్టాను, అన్నయ్యని తిట్టాను, మనసులో అయ్యగారిని కూడా తిట్టాను. తీరా ఆ గది దక్కిన రోజున, అందులోంచి ఆమెని బయటికి పిలిచింది నేనే.

"క్షమించు వదినా," అన్నాను.

"ఎందుకే?" అంటూ స్టవ్ వెలిగించి ఎసరు పెట్టింది.